ల్యాబ్‌లో నడిచే బిల్డ్ టూల్ ఇంటి కంప్యూటర్‌లో ఎందుకు మొరాయిస్తుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ప్రాజెక్టులు చేసే రోజుల్లో వాళ్ల నోట తరచు వినిపించే మాట ఒకటుంది: “ల్యాబ్‌లో అవుతంది మాస్టారూ, ఇంటికాడ అవట్నేదు.” ల్యాబ్‌లో ఉన్నది ఉబుంటు అనే లినక్స్ రకం, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఉన్నది విండోస్. ప్రోగ్రాము అదే, భాష అదే, రాసిన మనిషీ అదే. మారినదల్లా ఆపరేటింగ్ సిస్టమ్. తప్పు ప్రోగ్రాములోనే ఉందనుకుని గంటల తరబడి వెతుకుతారు గానీ, చాలాసార్లు అది అక్కడ ఉండదు. ప్రోగ్రామును కూర్చిపెట్టే బిల్డ్ టూల్‌కూ, దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య కుదరని పొత్తులో ఉంటుంది.

విజయనగరంలో మేము కొందరం ఉత్తరాంధ్ర మాటల నిఘంటువు ఒకటి కూరుస్తున్నాం. ఏ ఊళ్లో సేకరించిన మాటలు ఆ ఊరి పేరున్న ఫైల్లో ఉంటాయి: పొందూరు, ఆమదాలవలస, చీపురుపల్లి, పైడిభీమవరం, ఇలా. ఆ ఫైళ్లను సరిచూసి, అకారాది క్రమంలో పెట్టి, వెబ్ పుటలుగానూ ఫోన్ యాప్‌కు కావలసిన డేటాగానూ మార్చే పనినంతా, లినక్స్ మీద సీ ప్లస్ ప్లస్‌లో రాసుకున్న ఒక చిన్న బిల్డ్ టూల్ చూసుకుంటుంది. మాటలు చేర్చేవారిలో ఎక్కువమంది విండోస్ వాడతారు, కొందరి దగ్గర మ్యాక్ ఉంది, కనుక టూల్‌ను ఆ రెండింటికీ తీసుకెళ్లవలసి వచ్చింది. కింద చెప్పబోయే ఉదాహరణలు ఆ పని నుంచి తీసుకున్నవే అయినా, చిక్కులు మాత్రం మా ఒక్కరివి కావు. మేక్, నింజా, బేజెల్ వంటి పేరున్న బిల్డ్ టూళ్లన్నీ వీటిని ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్నవే.

బిల్డ్ టూల్ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. ఏ ఫైల్ ఏ ఫైళ్ల నుంచి తయారవుతుందో దానికి ముందే చెబుతాం. తయారైన ఫైల్ కన్నా దాని మూలం కొత్తదైతే, అంటే మూలాన్ని ఆ తరువాత ఎవరైనా దిద్ది ఉంటే, మళ్లీ తయారుచేసే కమాండ్‌ను అది నడుపుతుంది. లేకపోతే దాని జోలికి పోదు. ఈ ఆలోచనకు పేరు తెచ్చిన మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. అందుకుగాను 2003లో ఆయనకు కంప్యూటర్ నిపుణుల సంఘమైన ఏసీఎం ఇచ్చే సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం వచ్చింది. అప్పట్లో ఆయన తీసుకున్న ఒక నిర్ణయం ఇప్పటికీ విద్యార్థులను ఏడిపిస్తూనే ఉంది: మేక్‌ఫైల్లో (మేక్‌కు ఇచ్చే నియమాల ఫైల్లో) కమాండ్ ఉన్న ప్రతి వరుసా ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, స్పేస్‌లు పెడితే ఒప్పుకోదు. అది ఇబ్బందేనని ఆయనకు త్వరలోనే అర్థమైనా, అప్పటికే పదీపన్నెండు మంది వాడుతున్నారని, వాళ్ల ఫైళ్లు చెడగొట్టడం ఇష్టంలేక అలాగే ఉంచేశాడు.

ఈ పనంతటికీ టూల్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి కావలసినవి నాలుగే. ఫైల్‌ను పేరుతో పట్టుకోవాలి, అది ఎప్పుడు మారిందో తెలుసుకోవాలి, మరో ప్రోగ్రామును నడిపించాలి, అది ఎప్పుడు ముగిసిందో, ఎలా ముగిసిందో కనిపెట్టాలి. పుట్టిన చోట ఈ నాలుగింటికీ దొరికిన జవాబులే అంతటా దొరుకుతాయని టూల్ నమ్ముతుంది. ఆ నమ్మకం కోడ్‌లో ఎక్కడా వాక్యంగా రాసి ఉండదు, రాసిన మనిషికి కూడా అది నమ్మకమని తోచదు. ఒక వ్యవస్థలో ఉన్న ఫంక్షన్ పేరు తీసి మరో వ్యవస్థలోని ఫంక్షన్ పేరు పెట్టడమే పోర్టింగ్ (టూల్‌ను మరో వ్యవస్థకు తీసుకెళ్లడం) అయితే మా టూల్ వారంలో విండోస్ మీద నడిచేది; ఎక్కువ కాలం తీసుకున్నది ఆ రాయని నమ్మకాలను ఒక్కొక్కటిగా బయటికి లాగడమే.

కమాండ్ ముక్కలా, ఒకే తీగా?

లినక్స్, మ్యాక్ చేరే యూనిక్స్ కుటుంబంలో ఒక ప్రోగ్రాము మరొకదాన్ని నడిపేటప్పుడు, ఆర్గ్యుమెంట్లను (దానికి ఇచ్చే ఫైల్ పేర్లు, ఆదేశాల వంటివాటిని) విడివిడి ముక్కలుగా, ఒక జాబితాగా అందిస్తుంది. మూడో ముక్కలో స్పేస్ ఉన్నా, కొటేషన్ గుర్తు ఉన్నా అవతలి ప్రోగ్రాముకు అది మూడో ముక్కగానే చేరుతుంది. విండోస్‌లో అలాంటి జాబితా లేదు. కమాండ్ మొత్తం ఒకే పొడవాటి అక్షరాల తీగగా వెళుతుంది, దాన్ని ముక్కలు చేసుకోవడం అవతలి ప్రోగ్రాము వంతు. చాలా ప్రోగ్రాములు మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీ పద్ధతినే పాటిస్తాయి గానీ, అందరూ పాటించి తీరాలన్న నియమం లేదు.

ఆ పద్ధతిలోని ఒక మెలికను దగ్గరగా చూద్దాం. ఫోల్డర్ పేరు మధ్యలో స్పేస్ ఉంది కాబట్టి దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి "డి:\మాటల పట్టిక\" అని పంపామనుకోండి. మనిషి కంటికి ఇందులో లోపమేమీ కనిపించదు. కానీ విండోస్ పద్ధతి ప్రకారం కొటేషన్ గుర్తుకు ముందు వెనక్కి వాలిన గీత ఉంటే, ఆ గుర్తు ముగింపు కాదు, పేరులోనే ఒక అక్షరం. అందువల్ల చివరి గుర్తు పేరులో కలిసిపోతుంది, కొటేషన్ మూసుకోదు, తరువాత వచ్చే ఆర్గ్యుమెంట్లన్నీ దీనికే అతుక్కుపోయి ఒకే పెద్ద పేరుగా అవతలికి చేరతాయి. చివరి గీతను రెండుసార్లు రాస్తే సరిపోతుంది. అయితే గీత తరువాత కొటేషన్ గుర్తు లేని చోట రెండుసార్లు రాయకూడదు. కమాండ్‌ను సీఎండీ అనే షెల్ (టైపు చేసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము) ద్వారా నడిపితే, దానికి తనవైన ప్రత్యేక గుర్తులు, వాటికి వేరే మినహాయింపులు ఉంటాయి, కనుక ఒకదాని మీద ఒకటిగా రెండు పొరల జాగ్రత్తలు తీసుకోవాలి. తప్పనిసరి కానిచోట సీఎండీని మధ్యలోకి రానివ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.

పొడవు మరో సమస్య. సీఎండీ ద్వారా వెళ్లే కమాండ్ 8,191 అక్షరాలు దాటకూడదు. నేరుగా నడిపితే 32,767 వరకు పోవచ్చు. లినక్స్‌లో మామూలు అమరికలో ఆర్గ్యుమెంట్లన్నీ కలిపి సుమారు 20 లక్షల బైట్ల దాకా పట్టవచ్చు గనుక, అక్కడ పుట్టిన టూల్‌కు ఈ హద్దు సంగతే తట్టదు. మా నిఘంటువు చివరి దశలో అన్ని ఊళ్ల ఫైళ్లనూ, వాటి నుంచి పుట్టిన వేల ముక్కలనూ ఒకే కమాండ్‌కు అప్పగించాలి. పెద్ద సాఫ్ట్‌వేర్ ముక్కలను కలిపి లింక్ చేసేటప్పుడు కూడా ఇదే పరిస్థితి. దీనికి వాడుకలో ఉన్న ఉపాయం, పేర్లన్నీ ఒక ఫైల్లో రాసి, కమాండ్‌కు ఆ ఫైల్ పేరొక్కటే ఇవ్వడం. దాన్ని రెస్పాన్స్ ఫైల్ అంటారు. నింజాలో దీనికి ప్రత్యేకమైన ఏర్పాటే ఉంది.

కమాండ్ లోపల రాసుకున్న చిన్న చిన్న పనిముట్ల సంగతి ఇంకా ఉంది. ఫైల్ చెరపడానికి, నకలు తీయడానికి, పాఠంలో ఒక మాట తీసి మరో మాట పెట్టడానికి లినక్స్‌లో ఎప్పుడూ చేతికందే పనిముట్లు విండోస్‌తో రావు. పొందూరు ఖాదీలో పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ వాడతారన్నది ఇక్కడివారికి తెలిసిన విషయమే. మగ్గాన్ని మరో ఊరికి తరలించవచ్చు గానీ, ఆ దవడ దొరకని చోట ఆ నూలు రాదు. బిల్డ్ నియమాల్లో మామూలుగా రాసేసిన మాట మార్చే ‘సెడ్’, ఫైల్ చెరిపే ‘ఆర్‌ఎం’ అలాంటి దవడలే. మ్యాక్‌లో అవి ఉంటాయి గానీ, బీఎస్‌డీ అనే వేరే యూనిక్స్ వంశానివి కాబట్టి నడవడి వేరు. సెడ్‌తో ఫైల్‌ను ఉన్నచోటే దిద్దాలంటే లినక్స్‌లో ఉండే జీఎన్‌యూ రూపంలో ‘-ఐ’ ఒక్కటి చాలు. మ్యాక్‌లో దాని తరువాత పాత ప్రతికి తగిలించే తోక పేరు కూడా ఇవ్వాలి, అక్కర్లేదనుకుంటే ఖాళీ కొటేషన్లయినా పెట్టాలి. అదీ పెట్టకపోతే మీరు రాసిన దిద్దుబాటు సూత్రాన్నే తోక పేరుగా తీసుకుంటుంది. ఆఖరికి లినక్స్ లోపల కూడా అంతా ఒకటి కాదు: ఉబుంటు 2006లో స్క్రిప్టులు నడిపే మామూలు షెల్‌గా బాష్‌కు బదులు డ్యాష్‌ను పెట్టినప్పుడు, బాష్‌కు మాత్రమే తెలిసిన పోకడలతో రాసిన స్క్రిప్టులు ఎన్నో ఆగిపోయాయి. సీమేక్ అనే మరో బిల్డ్ టూల్ దీనికి చేసిన పరిష్కారం నాకు నచ్చింది. నకలు తీయడం, చెరపడం, ఫోల్డర్ సృష్టించడం వంటి పనులను అది తన కడుపులోనే పెట్టుకుంది, కనుక ఆ పనులకు ఏ వ్యవస్థ పనిముట్లనూ అడగనక్కర్లేదు. మేమూ అదే దారి పట్టాం.

పేరులో ఏముంది?

చాలానే ఉంది. యూనిక్స్‌లో ఫోల్డర్ల మధ్య ముందుకు వాలిన గీత, విండోస్‌లో వెనక్కి వాలిన గీత అన్నది అందరికీ తెలిసిన తేడా, అన్నిటికన్నా తేలికగా తీరేది కూడా అదే, ఎందుకంటే విండోస్‌లోని చాలా ఫంక్షన్లు రెంటినీ ఒప్పుకుంటాయి. దానికన్నా ముదురుది కోలన్ గుర్తు. మేక్‌ఫైల్లో తయారు కావలసిన ఫైల్ పేరుకూ, దాని మూలాల పేర్లకూ మధ్య కోలన్ పెడతారు. బెల్ ల్యాబ్స్‌లో డ్రైవ్ అక్షరాలు లేవు కాబట్టి అక్కడ ఎవరికీ ఇబ్బంది కలగలేదు. విండోస్‌లో పూర్తి పాత్‌లో (ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామాలో) మామూలుగా ‘సి:’ వంటి డ్రైవ్ పేరుతో కోలన్ ఉంటుంది, కనుక ఏ కోలన్ డ్రైవ్‌ది, ఏ కోలన్ నియమానిది అన్నది టూల్ ఊహించి తేల్చుకోవాలి. ఒకటికి మించిన ఫోల్డర్లను వరుసగా చెప్పే చోట యూనిక్స్ కోలన్‌తోనూ, విండోస్ సెమీకోలన్‌తోనూ విడదీయడానికి కారణం కూడా ఈ డ్రైవ్ అక్షరమే.

పెద్దక్షరం, చిన్నక్షరం తేడా మరొకటి. లినక్స్‌కు మొదటి అక్షరం పెద్దదిగా ఉన్న పేరు, చిన్నదిగా ఉన్న పేరు రెండు వేరు ఫైళ్లు. విండోస్‌కూ, మ్యాక్ మామూలు అమరికకూ రెండూ ఒకటే, అయితే మీరు మొదట ఎలా రాశారో అలాగే గుర్తుపెట్టుకుంటాయి. విండోస్ మీద అలవాటుగా తప్పు అక్షరంతో పేరు రాసినా పని జరిగిపోతుంది. అదే ప్రాజెక్టు ల్యాబ్‌లోని ఉబుంటుకు వచ్చేసరికి ఫైల్ లేదంటుంది. తెలుగు లిపిలో ఈ తేడాయే లేదు కాబట్టి, మా ఊరి పేర్ల ఫైళ్లు ఈ గండం నుంచి బయటపడ్డాయి. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

విండోస్ లోపల ఫైల్ పేర్లు 16 బిట్ల యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) రూపంలో ఉంటాయి. అయితే సీ భాషలో అలవాటుగా వాడే ఫంక్షన్లు, బైట్ల వరుసను తీసుకుని, ఆ కంప్యూటర్‌లో అప్పటికి అమల్లో ఉన్న కోడ్ పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) ప్రకారం దాన్ని యూనికోడ్‌కు మారుస్తాయి. పాశ్చాత్య భాషలకు, జపనీస్‌కు, రష్యన్‌కు పాతకాలం నుంచి కోడ్ పేజీలున్నాయి. తెలుగుకు విండోస్‌లో అలాంటిది లేదు. మన భాష అక్కడ మొదటి నుంచీ యూనికోడ్ ద్వారానే అడుగుపెట్టింది. కాబట్టి ఇంగ్లీషు అమరికతో ఉన్న కంప్యూటర్‌లో ఆ పాత ఫంక్షన్ల ద్వారా ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా అడిగితే, ‘చీపురుపల్లి’లో ఒక్క అక్షరమూ మిగలదు, వరుసగా ప్రశ్న గుర్తులు వస్తాయి. ఫైల్ పేరులో ప్రశ్న గుర్తు ఉండకూడదన్నది విండోస్ నియమం గనుక, ఆ పేరుతో ఏ ఫైలూ తెరుచుకోదు.

“ఫైళ్లకు ఇంగ్లీషు పేర్లు పెట్టుకోండి, గొడవ వదిలిపోతుంది” అని సలహా ఇచ్చేవారుంటారు. ఆ సలహా పూర్తిగా పనికిరాదు. విండోస్ పెట్టుకునేటప్పుడు ఖాతా పేరును తెలుగులో ఇచ్చిన మనిషికి, హోమ్ ఫోల్డర్ పేరే తెలుగులో ఏర్పడవచ్చు. తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్ దాని లోపలే ఉంటుంది. ప్రాజెక్టులో ఒక్క తెలుగు అక్షరం లేకపోయినా, టూల్ ఒక రెస్పాన్స్ ఫైల్‌ను తాత్కాలిక ఫోల్డర్‌లో రాయబోయి చతికిలపడుతుంది.

దీనికి సరైన మందు, టూల్ లోపలంతా యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతి వాడుతూ, విండోస్‌తో మాట్లాడే గట్టు మీద మాత్రమే 16 బిట్ల రూపంలోకి మార్చి, ఆ రూపం తీసుకునే ఫంక్షన్లనే పిలవడం. 2019లో వచ్చిన విండోస్ 10 1903 రూపం నుంచి మరో దారి కూడా ఉంది: తన కోడ్ పేజీ యూటీఎఫ్-8 అని ప్రోగ్రాము తన మ్యానిఫెస్ట్‌లో (తనతో ఉండే వివరాల పత్రంలో) ప్రకటించుకోవచ్చు, అప్పుడు పాత ఫంక్షన్లు కూడా తెలుగును సరిగ్గా అందుకుంటాయి. నింజా ఈ రెండో దారి ఎంచుకుంది. అయితే టూల్ ఎంత బాగుపడినా, అది నడిపించే కంపైలరో (కోడ్‌ను యంత్ర భాషకు మార్చే ప్రోగ్రాము) మరో పనిముట్టో పాత ఫంక్షన్లనే వాడుతుంటే ప్రశ్న గుర్తులు అక్కడ మళ్లీ మొదలవుతాయి. అటువంటి పనిముట్టుకు అందించే మధ్యంతర ఫైళ్లకు మాత్రం టూల్ తానే అంకెలతో పేర్లు పెట్టి ఇస్తే గండం గడుస్తుంది.

మ్యాక్‌లో కథ ఇంకొక రకం. ‘పైడిభీమవరం’ అన్న పేరు మొదట్లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు గుర్తులుగా. యూనికోడ్ ప్రమాణం ఈ రెంటినీ సమానమనే అంటుంది, తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి పద్ధతిలో ఆ పేరు 10 గుర్తులు, యూటీఎఫ్-8లో 30 బైట్లు. రెండో పద్ధతిలో 11 గుర్తులు, 33 బైట్లు. పాత మ్యాక్‌లలో ఉన్న హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైల్ వ్యవస్థ, మీరు ఏ పద్ధతిలో ఇచ్చినా విడదీసిన రూపంలోనే దాచుకుంటుంది. 30 బైట్ల పేరుతో ఫైల్ సృష్టించి, ఫోల్డర్‌లో ఏమున్నాయని అడిగితే 33 బైట్ల పేరు తిరిగి వస్తుంది. బైట్లను పోల్చి చూసే టూల్ తన జాబితాలో ఉన్న పైడిభీమవరం కనబడలేదనీ, జాబితాలో లేని పైడిభీమవరం ఒకటి కనబడిందనీ ఒకేసారి ఫిర్యాదు చేస్తుంది. ఆ ఫోల్డర్‌ను జిప్ చేసి లినక్స్‌కు పంపితే ఇంకా అయోమయం, ఎందుకంటే లినక్స్ మామూలుగా పేర్లను బైట్లుగా తప్ప మరోలా చూడదు. ఎదురుగా కనిపిస్తున్న ఫైల్‌ను లేదని అంటుంది. 2017 నుంచి మ్యాక్‌లలోకి వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ మీరు రాసిన రూపాన్నే ఉంచి, వెతికేటప్పుడు మాత్రం రెంటినీ ఒకటిగా చూస్తుంది. ఇది మెరుగే గానీ, పాత యంత్రం నుంచి విడిపోయిన రూపంలో వచ్చిన పేర్లను అది కలపదు. పోల్చే ముందు టూల్ తానే అన్ని పేర్లనూ ఒకే రూపానికి తెచ్చుకోవాలి. ఊరి పేరులో ఐత్వం లేని ఆమదాలవలస ఫైల్ ఎప్పుడూ బాగానే నడిచేది, పైడిభీమవరం మాత్రమే మొండికేసేది. కారణం తెలిసేదాకా అది చేతబడిలాగే ఉంటుంది.

పొడవు హద్దులు కూడా తెలుగుకు వేరుగా తగులుతాయి. లినక్స్‌లో సాధారణంగా ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు కాబట్టి 85 గుర్తులకే హద్దు వస్తుంది. విండోస్ ఫైల్ వ్యవస్థ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఆ 255 అన్నది 16 బిట్ల ముక్కల లెక్క, అంటే తెలుగులోనూ 255 గుర్తులు పడతాయి. 100 గుర్తుల తెలుగు పేరు విండోస్‌లో నిక్షేపంగా ఉండి, లినక్స్‌కు రాగానే తిరస్కారానికి గురవుతుంది. దీనికి ఎదురుగా, విండోస్‌లో పాత్ మొత్తం 260 అక్షరాలకు మించకూడదన్న పాత హద్దు ఒకటుంది. కొత్త విండోస్‌లో దాన్ని ఎత్తివేసుకోవచ్చు గానీ, కంప్యూటర్ అమరికా, ప్రోగ్రామూ రెండూ ఒప్పుకోవాలి. ఇవి కాక విండోస్‌లో డాస్ కాలం నుంచి ‘కాన్’, ‘ఆక్స్’, ‘నల్’ వంటి పేర్లు పరికరాలకు కేటాయించి ఉన్నాయి. లినక్స్ కెర్నల్ (ఆ వ్యవస్థకు గుండెకాయ) మూల కోడ్‌లో ‘ఆక్స్’ పేరున్న ఫైల్ ఉండడం వల్ల దాన్ని విండోస్ మీద మామూలుగా దించుకోబోతే అక్కడ ఆగిపోతుంది.

ఐదున్నర గంటల తేడా

మూలం కొత్తదా, తయారైనది కొత్తదా అని తేల్చడానికి టూల్ చూసేది ఫైల్ మీద ఉన్న కాలపు ముద్రను. ఆ ముద్ర ఎంత సన్నగా ఉంటుందన్నది ఫైల్ వ్యవస్థను బట్టి మారుతుంది. లినక్స్‌లో వాడే ఎక్స్‌ట్4లో నానోసెకన్ల దాకా నమోదవుతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 100 నానోసెకన్లు, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లో 1 సెకను, పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్యాట్‌లో 2 సెకన్లు. ఒక ఫైల్ తయారై, అదే రెండు సెకన్లలో దాని మూలం మళ్లీ మారితే, పెన్‌డ్రైవ్ మీద రెండిటి ముద్రా ఒకటే. ఒకేలా ఉంటే తయారుచేయనక్కర్లేదని టూల్ అనుకుంటే దిద్దుబాటు పోతుంది, తయారుచేయాలనుకుంటే చేసిన పనే మళ్లీ చేస్తుంది.

పెన్‌డ్రైవ్‌లో ప్రాజెక్టు పెట్టుకుని ల్యాబ్‌కూ ఇంటికీ తిరిగే వారికి ఇంతకన్నా పెద్దది మరొకటి ఎదురవుతుంది. ఫ్యాట్‌లో నమోదయ్యేది ఆ కంప్యూటర్ గోడ గడియారపు సమయం, అది ఏ కాలమండలానిదో అందులో రాసి ఉండదు. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ పెట్టుకున్నవారి సంగతి ఇలాంటిదే: యంత్రంలోని గడియారం స్థానిక సమయం చూపుతోందని విండోస్ అనుకుంటుంది, అంతర్జాతీయ సమయం చూపుతోందని ఉబుంటు అనుకుంటుంది. విండోస్ దిద్దిన గడియారాన్ని ఉబుంటు చదివి దానికి మన 5 గంటల 30 నిమిషాలు కలిపితే, ఇంటర్నెట్ ద్వారా సరిచేసుకునేదాకా సమయం అంత ముందుకు పోతుంది. ఆ వ్యవధిలో తయారైన ఫైళ్ల మీద భవిష్యత్తు ముద్ర పడుతుంది. ఆ తరువాత మీరు మూలాన్ని ఎన్నిసార్లు దిద్దినా, మరో ఐదున్నర గంటల దాకా తయారైన ఫైలే కొత్తదిగా కనిపిస్తుంది, “చేయవలసిందేమీ లేదు” అని టూల్ చేతులు కట్టుకు కూర్చుంటుంది. జీఎన్‌యూ మేక్ ఇలాంటి చోట గడియారం తేడాగా ఉందని హెచ్చరిక ముద్రిస్తుంది గానీ, ఆ వరుసను చదివేవారు తక్కువ.

కాలాన్ని నమ్మకుండా, ఫైల్లో ఉన్న విషయాన్నే హాష్‌గా (దాని నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తింపు సంఖ్యగా) కుదించి పోల్చే టూళ్లున్నాయి. బేజెల్, ఎస్‌కాన్స్ ఆ పద్ధతి పాటిస్తాయి. దానికి ఖర్చు ఉంది, ఫైళ్లను పూర్తిగా చదవాలి. నిఘంటువు ఫైళ్లు చిన్నవి కాబట్టి మేము ముద్ర మారినప్పుడు మాత్రమే హాష్ చూసే మధ్యేమార్గం పెట్టుకున్నాం. అయితే ముద్ర కొత్తదా పాతదా అని కాక, కిందటిసారి రాసిపెట్టుకున్నదానికి భిన్నంగా ఉందా అని మాత్రమే చూస్తాం. భవిష్యత్తు ముద్ర అప్పుడు హాని చేయదు.

ముద్ర చదవడానికి పట్టే సమయం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. లినక్స్‌లో ఒక్కో ఫైల్‌ను విడిగా అడిగినా చవకే. విండోస్‌లో అది ఖరీదైన పని. అందుకే నింజా విండోస్ మీద ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి జాబితా తీసి, అందులో ఉన్న సమయాలనే వాడుకుంటుంది.

నడిపించడం, ఎదురుచూడడం, ఆపడం

యూనిక్స్‌లో కొత్త ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) పుట్టేది ఫోర్క్ ద్వారా. ఉన్న ప్రాసెస్ తనకు నకలు తీసుకుని, ఆ నకలు మరో ప్రోగ్రాముగా మారుతుంది. విండోస్ ప్రోగ్రాములకు అలాంటి ఫోర్క్ అందుబాటులో లేదు, ప్రాసెస్ పుట్టించడమూ బరువైన పనే. చిన్న చిన్న కమాండ్లను వేల సంఖ్యలో నడిపే బిల్డ్‌లు విండోస్ మీద నత్తనడక నడవడానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. ఇలాంటి చోట కోడ్‌ను ఎంత మెరుగుపెట్టినా లాభం తక్కువ, చిన్న పనులను కలిపి ఒకే ప్రాసెస్‌లో చేయడమే దారి.

ఒకేసారి ఎన్నో ప్రాసెస్‌లు నడుస్తుంటే వాటిలో ఏది ముందు ముగుస్తుందో కనిపెట్టాలి. విండోస్‌లో ఇందుకు ముందుగా చేతికి తగిలే ఫంక్షన్ ఒకేసారి 64 వాటికి మించి కనిపెట్టలేదు. 8 కోర్ల ల్యాప్‌టాప్‌లో ఇది ఎన్నడూ బయటపడదు, పెద్ద సర్వర్‌కు ఎక్కించిన రోజున బయటపడుతుంది. అందుకే నింజా వంటివి ఇన్‌పుట్ అవుట్‌పుట్ కంప్లీషన్ పోర్ట్ అనే వేరే ఏర్పాటును ఆశ్రయించాయి.

కంట్రోల్-సి నొక్కి బిల్డ్‌ను మధ్యలో ఆపినప్పుడు, యూనిక్స్‌లో ముందున్న ప్రాసెస్‌ల గుంపు మొత్తానికీ ఆ కబురు చేరుతుంది. విండోస్‌లో తల్లి ప్రాసెస్ పోయినంత మాత్రాన పిల్లలు పోవు. పుట్టినప్పుడే వాటిని జాబ్ ఆబ్జెక్ట్ అనే కట్టలో పెట్టకపోతే, అనాథలుగా నడుస్తూ సగం రాసిన ఫైళ్లను వదిలిపెట్టవచ్చు.

దానికి తోడు, తెరిచి ఉన్న ఫైల్‌ను యూనిక్స్‌లో నిరభ్యంతరంగా చెరపవచ్చు. పేరు పోతుంది, చదువుతున్నవాళ్లు చదువుకుంటూనే ఉంటారు. విండోస్ మామూలుగా అందుకు ఒప్పుకోదు. ఇప్పుడే తయారైన ఫైల్‌ను యాంటీవైరస్ తెరిచి పరీక్షిస్తున్న ఆ క్షణంలోనే టూల్ దాని పేరు మార్చబోతే అనుమతి లేదన్న సందేశం వస్తుంది, మళ్లీ నడిపితే ఏమీ జరగనట్టు పని అయిపోతుంది. ఒకసారి వచ్చి మరోసారి రాని ఇలాంటి లోపాలే విద్యార్థుల చేత విండోస్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయించేవి. కొద్ది మిల్లీసెకన్లు ఆగి, కొన్నిసార్లు మళ్లీ ప్రయత్నించడం తప్ప దీనికి అందమైన పరిష్కారమేదీ నాకు కనబడలేదు. టూల్ తనను తాను తయారుచేసుకునే సందర్భమూ ఇక్కడికే వస్తుంది: నడుస్తున్న ప్రోగ్రాము ఫైల్ మీద విండోస్ రాయనివ్వదు, కానీ పేరు మార్చనిస్తుంది, కనుక ముందు తన పేరు మార్చుకుని, ఆ ఖాళీలో కొత్తదాన్ని పెట్టాలి.

ఒక సీ ఫైల్ తనలోకి రప్పించుకునే హెడర్ ఫైళ్ల ఆధారాలు కనిపెట్టడం మాకు అవసరం లేకపోయినా, ఒక వింత చెప్పకుండా ఉండలేను. లినక్స్‌లో వాడే జీసీసీ కంపైలర్ వాటి జాబితాను ఒక ఫైల్లో రాసి ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ వాటిని మామూలు సందేశాల మధ్యే ముద్రిస్తుంది, ఆ సందేశం మొదట్లోని మాటలు విజువల్ స్టూడియో ఏ భాషలో ఉందో ఆ భాషలో ఉంటాయి. ఇంగ్లీషు మాటల కోసం వెతికే టూల్ జపనీస్ కంప్యూటర్‌లో ఏ ఆధారమూ లేదనుకుంటుంది. అందుకే ఆ మాటలేమిటో విడిగా చెప్పుకునే వీలును నింజా ఇచ్చింది.

పొర వేయాలా, లోపలికి దిగాలా?

ఇన్ని తేడాలను ఒక పొర కింద కప్పెయ్యవచ్చన్న ఆలోచన పాతదే. సిగ్నస్ సంస్థ 1995లో మొదలుపెట్టిన సిగ్విన్, విండోస్ మీద యూనిక్స్ ఫంక్షన్లలో చాలావాటిని అనుకరించే లైబ్రరీ. దాంతో టూల్‌ను దాదాపు ఉన్నదున్నట్టు కంపైల్ చేసుకోవచ్చు. అయితే ఫోర్క్‌ను అనుకరించడం చాలా నెమ్మది. పైగా సిగ్విన్ పాత్‌లు యూనిక్స్ తరహావి కాబట్టి, సిగ్విన్ టూల్ విండోస్ కంపైలర్‌ను పిలిచిన ప్రతిచోటా పాత్‌ను అటూ ఇటూ మార్చాలి. 2016లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన, విండోస్‌లోనే లినక్స్ ప్రోగ్రాములను నడిపే డబ్ల్యుఎస్‌ఎల్ మరో అడుగు ముందుకు వేసింది, 2019లో ప్రకటించిన దాని రెండో రూపంలో నిజమైన లినక్స్ కెర్నలే నడుస్తుంది. విద్యార్థి తన ఇంటి విండోస్ మీద ల్యాబ్ పని చేసుకోవడానికి ఇంతకన్నా సులువైనది లేదు, వారికి నేను సూచించేదీ అదే. ఫైళ్లను మాత్రం లినక్స్ వైపే పెట్టుకోవాలి, విండోస్ వైపున్న ఫోల్డర్‌ను అక్కడి నుంచి చదివితే పని బాగా నెమ్మదిస్తుంది. కానీ దాన్ని పోర్టింగ్ అనలేం. ఇచ్ఛాపురంలో మాటలు సేకరించే ఒక బడిపంతులు చేత, ఒక ఫైల్ చేర్చడం కోసం రెండో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టించడం న్యాయం కాదు.

అందుకని మేము నేరుగా పోర్ట్ చేయడానికే నిర్ణయించుకున్నాం. పద్ధతిలో కొత్తదేమీ లేదు. పేరు, కాలం, ప్రాసెస్, ఎదురుచూపు అన్న నాలుగింటికీ నాలుగు చిన్న ఇంటర్‌ఫేస్‌లు పెట్టి, ఒక్కోదానికి లినక్స్, మ్యాక్, విండోస్ రూపాలు విడివిడి ఫైళ్లలో రాశాం. మిగతా కోడ్‌కు తాను ఏ వ్యవస్థ మీద ఉన్నదీ తెలియకూడదు. కోడ్ మధ్యలో “విండోస్ అయితే ఇలా, కాకపోతే అలా” అన్న షరతులు చల్లుకుంటూ పోవడం మొదట్లో చకచకా సాగుతుంది, కానీ మూడో వ్యవస్థ రాగానే ‘కాకపోతే’ అన్న మాటకు అర్థం చెడిపోతుంది. సింబాలిక్ లింకులను (మరో ఫైల్ వైపు చూపే పేర్లను) ఉద్దేశపూర్వకంగానే వాడలేదు, విండోస్‌లో వాటిని సృష్టించడానికి నిర్వాహకుడి హక్కో, డెవలపర్ మోడో ఉండాలి కాబట్టి. బేజెల్ కూడా లినక్స్‌లో లింకుల చెట్టు కట్టే చోట, విండోస్‌లో మామూలుగా పేర్ల జాబితా ఒకటి రాసి సరిపెడుతుంది.

పరీక్షల విషయంలో ఒక్క నియమం పెట్టుకున్నాం: పరీక్ష నడిచే ఫోల్డర్ పేరులో స్పేస్, ఐత్వం రెండూ ఉండాలి, అది ‘పైడిభీమవరం మాటలు’. ఫోల్డర్ పేరు ఒకసారి కలిపిన రూపంలోనూ, ఒకసారి విడదీసిన రూపంలోనూ ఉంటుంది. విండోస్ యంత్రంలో ఖాతా పేరు తెలుగులో ఉంటుంది, యాంటీవైరస్ ఆపి ఉంచం, గడియారాన్ని ఒక పరీక్షలో ఐదున్నర గంటలు ముందుకు జరుపుతాం. వరుస ముగింపు గుర్తుల తేడా వల్ల లినక్స్‌లో స్క్రిప్టులు నడవకుండా పోయే బాధ ఉంది కాబట్టి, ఆ పరీక్ష ఫైళ్లలో సగం విండోస్ ముగింపులతోనే ఉంచాం. మ్యాక్ మీద, లినక్స్ మీద ఇవన్నీ ఇప్పుడు గట్టెక్కుతున్నాయి. విండోస్ మీద 260 అక్షరాల హద్దు దాటే పాత్‌ల పరీక్ష ఒక్కటి మిగిలి ఉంది. ఆ హద్దు ఎత్తివేయని పాత కంప్యూటర్లలో టూల్ మౌనంగా విఫలం కాకుండా, ఏ ఫోల్డర్ పేరు కుదించుకోవాలో తెలుగులో చెప్పే సందేశాన్ని ప్రస్తుతం రాస్తున్నాం.